మబ్బులు ఏకే ముసలమ్మకు దర్శకుణ్ణి వెతికిన ఏడాది

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడబిడ్డ. ఆమె హనుమకొండలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. ఆ రోజు అన్నం తినే గంటలో ఫోన్ చూసిందట. చూసిన వెంటనే పర్మిషన్ పెట్టి, దారిలో మైసూర్‌పాక్ కట్టించుకుని, ఆటోలో కొత్తవాడకు వచ్చేసింది. దిగుతూనే దుకాణం ముందు నుంచి అరిచింది.

"వదినా! ఏం మాట్లాడకు. ముందుగాల నోరు తెరువు!"

నేను జొహర్ నమాజుకు వజూ చేసుకుని తడి చేతులతో లోపలికి పోబోతున్నాను. నోరు తెరిచాను. ఒక ముక్క పెట్టి, అప్పుడు చెప్పింది.

"నీ సిన్మకు డైరెక్టర్‌ను ఖాయం చేసిన్రు. పోస్టర్ గుడ ఇడిశిన్రు. మా వదిన పుస్తకం అని మా ఆఫీసుల అందరికీ సూపెట్టిన. గిదో, సూడు!"

ఫోన్‌లో నల్లటి మబ్బులు, వాటి మధ్య మెరుపు, చేతిలో విల్లు పట్టుకుని వెనక్కి తిరిగి నిలబడిన ఒక పడుచుపిల్ల నీడ. కింద బంగారు రంగులో దర్శకుడి పేరు. అది నేను కోరిన పేరు కాదు.

నోట్లో ఉన్నది మింగలేను, ఉమ్మలేను. తీపి తెచ్చిన మనిషి ఎదురుగా నిలబడి నా మొహంలో సంతోషం కోసం చూస్తోంది. "అల్హందులిల్లాహ్" అన్నాను. అల్లాకే స్తోత్రం అనే ఆ మాట నన్ను అడగకుండానే నా నోటికి వస్తుంది.

"గంతేనా? నేనైతే ఈ వాడంత ఉరుకుదును" అంది. కాసేపటికి గొంతు తగ్గించి, "ఏమైంది వదినా? పోస్టర్ మంచిగ లేదా?" అని అడిగింది.

"నమాజు చదువుకొని వస్త, కూసో" అని లోపలికి పోయాను. ఎన్ని రకాతులు అయ్యాయో లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఆమె తప్పేమీ లేదు. నా సంతోషం కోసం అంత దూరం పరుగెత్తుకొచ్చే మనిషి ఉండడం అల్లా నాకిచ్చిన భాగ్యం. కానీ ఆ ముక్క మింగేసరికి, వర్ధన్నపేటలో ఒక మనిషి పదకొండేళ్ల ఎదురుచూపు ముగిసిపోయిందని నాకు తెలుసు. దాన్ని ముగించింది నా చేతిరాతేనని మాత్రం అప్పటికింకా తెలియదు.

మేము దూదేకేవాళ్లం. తెలుగే మా ఇంటి భాష. మా పుట్టింటి దుకాణంలోనూ పరుపులు, మెత్తలే కుట్టేవారు, మెట్టింటి దుకాణంలోనూ అదే పని. మా చుట్టూ జంపఖానాలు నేసే ఇళ్లు. ఏడేళ్ల వయసులో నాకు కీళ్ల జ్వరం వచ్చి గుండె మీద పడింది. మెట్లు ఎక్కొద్దని పెద్ద దవాఖానలో చెప్పారు. మా బడి మేడ మీద ఉండేది. "బడి మీద ఉంటే ఉండనీ, నేను కిందనే ఉన్న గద బిడ్డా" అన్నాడు మా నాయిన. ఆయన చదివింది ఏడో తరగతి. బేరాలు లేని వేళల్లో దుకాణంలో కూర్చోబెట్టి, పాత పేపర్ల మీద అక్షరాలు దిద్దించాడు. ఖురాన్ పక్కింటి ఉస్తానీ దగ్గర నేర్చుకున్నాను. నా చదువంతా ఇంతే. ఇంత దొరికినందుకే నేను ప్రతిరోజూ అల్లాకు షుకుర్ చేసుకుంటాను.

నాయిన నేర్పిన వాటిలో ఉత్తరం రాయడం ఒకటి. వాడలో చదువురాని వాళ్లంతా ఉత్తరాలకు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన పద్ధతి ఒక్కటే.

"ముందుగాల షుక్రియ చెప్పాలె. తర్వాత పెద్దరికం ఎదుటోళ్లకు ఇయ్యాలె. మీరెట్ల చేసినా మాకు సమ్మతమే అని రాయాలె. మనం అడిగేది ఆఖర్న రాయాలె. గట్ల రాస్తే కాదనేటోడు పుట్టలే."

నిజంగానే ఎవరూ కాదనేవారు కాదు. మేనరికం తప్పిపోయిందని అలిగిన బావలు, వాటా దగ్గర పట్టుబట్టిన పాలివాళ్లు, కూతుర్ని పంపని వియ్యంకులు ఆ ఉత్తరాలు చూసి మెత్తబడిన సంగతి నాకు తెలుసు. 'మీరెట్ల చేసినా సమ్మతమే' అన్న మాటను మా వాళ్లలో ఎవరూ పట్టుకుని వాడుకోరు. ఆ మాట విన్న మనిషి, అడిగినదానికంటే ఒక పిసరు ఎక్కువే ఇవ్వాలని చూస్తాడు. పద్ధతి అది.

నా పుస్తకం మా నానమ్మ నుంచి వచ్చింది. మా తాత పోయాక ఆమె దూదేకే విల్లు తనే పట్టింది. ఆడవాళ్లు విల్లు పట్టడం మాలో లేదు. ఇంటి దూలానికి వేలాడదీసిన నిలువెత్తు విల్లు, దానికి బిగించిన నరం, ఆ నరం మీద చెక్క గుండుతో కొడితే దూది విడిపోయి గాలిలోకి లేచేది. అది ఇంటినిండా ఎగురుతుంటే, "మబ్బులు ఏకుతాన్న, దూరం జరుగు, వానొస్తది" అనేది నాతో. పెళ్లయ్యాక, పిల్లలు బడికి పోయిన మధ్యాహ్నాలు దుకాణంలో కూర్చుని ఆ మాటనే నోటు పుస్తకాల్లో పెంచుకుంటూ పోయాను. వానలన్నింటినీ తన కోట మీద కట్టేసుకున్న ఒక రాజు, ఆ మబ్బులను ఒక్కొక్కటే విప్పి, ఏకి, ఎండిన ఊళ్ల మీద దులిపే ఒక ముసలమ్మ. ఆమె విల్లుతో యుద్ధం చేయొచ్చని రాజుకు తెలుస్తుంది, ఆమె ఇవ్వనంటుంది. కథ అదే. మొదట ఒక పత్రికలో వచ్చింది, తర్వాత పుస్తకమైంది, ఆ తర్వాత ఎవరో పుణ్యాత్ములు చదివి ఫోన్‌లో వినేలా చేశారు. అలా విన్న ఒక సినిమా కంపెనీ మనిషి మా దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు.

మంచి మనిషి. నన్ను "అమ్మా" అని పిలిచేవాడు. పరుపుల మీద మొహమాటపడకుండా కూర్చుని మా టీ తాగాడు. చాలా పెద్ద బడ్జెట్ అన్నాడు, అన్ని భాషల్లో తీస్తామన్నాడు. ఒప్పందం కాగితాలు తెచ్చినప్పుడు అందులో ఒక మాట ఉంది: దర్శకుణ్ణి పెట్టేముందు రచయిత్రి సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అది చదివి మా ఆయన నవ్వాడు.

"నిఖాల పిల్లను అడిగినట్టున్నది. వకీలొచ్చి అడుగుతడు, నువ్వు ముసుగుల తల ఊపాలె."

"ఊపకపోతే?"

"గట్ల ఊపని పిల్లను ఈ జిల్లాల నేనింకా సూడలే."

కంపెనీవాళ్లు ముగ్గురి పేర్లు చెప్పారు. మొదటాయన చాలా పెద్ద దర్శకుడు. ఆయన పోస్టర్లు మా వాడ గోడల మీద కూడా ఉంటాయి. హనుమకొండలో ఏదో పెళ్లికి వచ్చి, హోటల్‌కు పిలిపించారు. నేను లోపలికి పోగానే లేచి నిలబడ్డారు, నాకు కుర్చీ తనే జరిపారు. అంత పెద్దమనిషి అలా చేసినందుకు నా కళ్లు తడిశాయి. తర్వాత అన్నారు, "అమ్మా, ముసలమ్మను చూడటానికి టికెట్ ఎవరు కొంటారు? ఆవిడకి ఇరవై ఏళ్లు చేద్దాం. ముసలావిడ మొదట్లో ఒక సీన్‌లో చనిపోతుంది, విల్లు మనవరాలికి వస్తుంది. అక్కడి నుంచి యుద్ధం." పుస్తకం ఆయన చదవలేదని అర్థమైంది. ఎవరో చెప్పగా విన్నారు. అయినా నేను, "మీరు మా కోసం ఇంత సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు" అనే చెప్పి వచ్చాను.

రెండో ఆయన కంప్యూటర్‌లో మబ్బులు చేసేవాడు. ఫోన్‌లోనే మాట్లాడాడు. చేసిన మబ్బులు చూపించాడు, సుబ్‌హానల్లాహ్ అనిపించాయి. నెల తిరగకుండానే వేరే సినిమా దొరికి తప్పుకున్నాడు.

మూడో మనిషిది వర్ధన్నపేట. ఖమ్మం వైపు పోయే బస్సెక్కితే గంట దారి. ఆర్టీసీ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో నా పుస్తకం, పేజీల మధ్య అక్కడక్కడా బస్సు టికెట్లు పెట్టి ఉన్నాయి. నలభై దాటిన మనిషి. రెండు చిన్న సినిమాలు తీశాడు. ఒకటి విడుదల కాలేదు, ఒకటి వచ్చి వారం నిలబడలేదు. ఆ తర్వాత పదకొండేళ్లుగా ఇంకో అవకాశం కోసం ఎదురుచూస్తున్నాడు. ఇంట్లో భార్య బడిపంతులమ్మ, ఇల్లు ఆమె మీదే నడుస్తోంది. సలాం చేసి, కూర్చోకుండానే అడిగాడు.

"అక్కా, విల్లు ఉన్నదా ఇంకా?"

మిషన్లు వచ్చాక అది అటక మీద పడి ఉంది. మా ఆయన దింపి, దుమ్ము దులిపి, దూలానికి కట్టాడు. ఆ మనిషి చొక్కా మార్చుకుని పని నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

"భుజంతోటి కాదు తమ్మీ, మణికట్టుతోటి. నువ్వు పామును కొట్టినట్టు కొడ్తానవ్" అన్నాడు మా ఆయన.

"నరం తెగుతదా అన్నా?"

"నరం తెగదు. నీ మెడ తెగుతది. జర ఎనుకకు జరుగు."

సాయంత్రానికి అతని జుట్టు, కనుబొమలు, మీసం దూదితో తెల్లగా అయ్యాయి. "గిప్పుడు నువ్వే ముసలమ్మవు. ఇంక వేరేటోళ్లెందుకు, నువ్వే వేషం కట్టు" అని మా ఆయన ఒకటే నవ్వు. అతనూ నవ్వాడు. నవ్వి, భుజం పట్టుకుని నా వైపు చూశాడు.

"అక్కా, ఒకటడుగుత, ఏమనుకోకు. పుస్తకం మొత్తంల ముసలమ్మకు ఒక్కసారి గుడ భుజం నొయ్యదేందక్కా?"

మా నానమ్మ ప్రతి సాయంత్రం ఆముదం కాచి కుడి భుజానికి రాయించుకునేది. రాసింది నేనే. ఆమె చివరి రోజుల్లో ఆ చెయ్యి పైకి లేచేది కాదు. అదంతా నేను పుస్తకంలో వదిలేశాను. ముసలమ్మను గొప్పగా చూపించాలని ఆమె నొప్పిని తీసేశాను. ఆ సంగతి నా పుస్తకం చదివిన వాళ్లెవరూ అడగలేదు. ఒక్క రోజు విల్లు పట్టిన మనిషి అడిగాడు.

ఆ తర్వాత ఏడాదిలో చాలాసార్లు వచ్చాడు. నోటు పుస్తకంలో బొమ్మలు గీసుకునేవాడు. నన్ను కూర్చోబెట్టి నానమ్మ ఎలా నడిచేదో, ఎలా ఉమ్మేదో, కోపమొస్తే ఏం తిట్టేదో అన్నీ అడిగేవాడు. ఒకసారి మా ఆయన, "ఇది గుడ కాకపోతే ఏం చేస్తవ్ తమ్మీ?" అని అడిగేశాడు. నేను కళ్లతో వద్దన్నాను, అప్పటికే ఆలస్యమైంది.

"గిది నా ఆఖరి ఆట అన్నా. మా అన్న ఎరువుల దుకాణంల నాకోసం ఒక కుర్సీ ఖాళీగ పెట్టిండు. ప్రతి దసరాకు దాని దుమ్ము దులిపి, ఫోటో తీసి పంపుతాండు."

నవ్వుతూనే చెప్పాడు. కానీ ఆ ఫోటో ఫోన్‌లో తీసి చూపించాడు. నిజంగానే ఉంది. ప్లాస్టిక్ కుర్చీ, పక్కన బస్తాలు.

కంపెనీవాళ్లు నమూనాగా ఒక్క సీను తీసి చూపమన్నారు. ఊరి బయట పత్తి గోదాములో తీశాడు. ముసలమ్మగా వాళ్ల అత్తను పెట్టాడు. ఆమె వయసులో ఉన్నప్పుడు జిన్నింగ్ మిల్లులో పనిచేసిందట, కెమెరా అంటే భయం. "నువ్వేం యాక్టింగ్ చేయకు అత్తా, పని చెయ్యి" అని చెప్పి దూరంగా నిలబడి తీశాడు. ఫోన్‌లో నాకు చూపించాడు. ఆమె గుండు ఎత్తుతుంది, రెండు దెబ్బలు కొడుతుంది, మూడో దెబ్బకు చెయ్యి పూర్తిగా లేవదు. ఎడమ చేత్తో కుడి మోచేతిని పైకి ఎత్తుకుని మళ్లీ కొడుతుంది. దూది లేస్తుంది. అంతే. మా నానమ్మకు ఫోటో లేదు. ఇన్నేళ్ల తర్వాత ఆమెను ఆ రెండు నిమిషాల్లో చూశాను.

కంపెనీ మనిషి కూడా బాగుందనే అన్నాడు. "కానీ అమ్మా, ఇంత పెద్ద బడ్జెట్ ఆయన మీద పెట్టాలంటే మావాళ్లు కొంచెం జంకుతున్నారు. ఇప్పుడు ఇద్దరే మిగిలారు. మీ సమ్మతి రాసి పంపండి. మీ మాట కాదని మేమేం చేయలేం కదా" అన్నాడు.

ఏ పెద్ద పనికైనా ముందు మేము ఇస్తిఖారా చేసుకుంటాం. రెండు రకాతులు చదివి, నాకు తెలియదు, నీకు తెలుసు, ఏది మేలైతే దానివైపే నన్ను నడిపించు అని అల్లాను అడగడం అది. రాత్రి ఇషా నమాజు తర్వాత ఏడు రోజులు చేశాను. నా మనసులో రెండో ఆలోచన రాలేదు. ఎనిమిదో రోజు పొద్దున అతనికి ఫోన్ చేశాను.

"తమ్మీ, నా దిల్ నీ మీదనే ఉన్నది. ఇయ్యాల రాసి పంపుత."

అవతల బస్సు చప్పుడు, కండక్టర్ ఎవర్నో లోపలికి జరగమంటున్నాడు. "అక్కా, ఒక్క నిమిషం. దిగుత" అన్నాడు. అది అతని ఊరు కాదు, ఏదో స్టేజీ. బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినపడింది.

"ఉన్నవా తమ్మీ?"

"ఉన్నక్కా. రోడ్డు మీద నిలబడ్డ. ఎవ్వలు లేరు గిక్కడ. ఇంకొకసారి చెప్పు."

ఇంకొకసారి చెప్పాను.

ఆ మధ్యాహ్నం ఉత్తరం రాశాను. నాయిన నేర్పినట్టే రాశాను. మొదటి పేజీ అంతా ధన్యవాదాలు. చదువుకోని దూదేకేవాళ్ల బిడ్డ పుస్తకాన్ని ఇంతదాకా తెచ్చినందుకు, మా ఇంటికి వచ్చి టీ తాగినందుకు, పెద్ద దర్శకులు నాకు కుర్చీ జరిపినందుకు. పేజీ చివర్లో ఇలా రాశాను: "మీరు నా మేలు కోరేవారు. మీరు ఎవరిని నిర్ణయించినా నాకు పూర్తిగా సమ్మతమే." రెండో పేజీలో అసలు సంగతి: అయితే నా మనవి ఒక్కటే, ఈ సినిమాను వర్ధన్నపేట తమ్ముడే తీయాలి, ముసలమ్మ భుజం నొప్పి తెలిసిన మనిషి అతనొక్కడే. ఎందుకో పేజీ నిండా రాశాను. సంతకం రెండు పేజీల మీదా పెట్టాను. రెండింటినీ ఫోటో తీసి పంపి, అసలు కాగితాలు కొరియర్‌లో వేయించాను. బిస్మిల్లా అని వేశాను. నా బతుకులో అంత మంచి ఉత్తరం రాయలేదని కూడా అనుకున్నాను.

మూడు వారాలకు మా ఆడబిడ్డ మైసూర్‌పాక్ తెచ్చింది.

ఆ రోజు నమాజు అయ్యాక కంపెనీ మనిషికి ఫోన్ చేశాను. అతని గొంతులో మోసమేమీ లేదు. ఆశ్చర్యమే ఉంది.

"అదేంటమ్మా, మీరే కదా రాసిచ్చారు? ఎవరిని నిర్ణయించినా పూర్తిగా సమ్మతమేనని. మా లాయర్ గారికి అదే పంపాం. ఆయన చూసి సరిపోయిందన్నారు."

"రెండో పేజీ చదవలేదా బాబూ?"

"చదివామమ్మా. అది మీ అభిప్రాయం కదా, దాన్నీ గౌరవించాం. కానీ సమ్మతి అనే మాట ఉన్నది మొదటి పేజీలో. మీరంత పెద్ద మనసుతో రాశారని ఆఫీసులో అందరం అనుకున్నాం కూడా."

ఫోన్ పెట్టేశాక మా ఆయన అన్నాడు, "షుక్రియ చెప్పుట్ల నీకు ఫస్ట్ క్లాస్ ఇయ్యాలె." అని వెంటనే బాధపడి, లేచిపోయి టీ పెట్టుకొచ్చాడు. మళ్లీ ఉత్తరం రాశాను, ఈసారి ఒక్క ధన్యవాదం లేకుండా, నాకు సమ్మతం కాదు అని. హనుమకొండలో ఒక వకీలు దగ్గరికి కూడా పోయాం. ఆయన రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చూసి, "మొదటిది ఉండగా రెండోదానికి విలువ లేదమ్మా" అన్నాడు. మా నాయిన పద్ధతి ఆయనకు చెప్పాను. "మీ నాయిన మనుషులకు రాసిండు. మీరు కంపెనీకి రాసిన్రు" అన్నాడు.

అతనికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండు రోజులు చేశాను. మూడో రోజు మా ఆయన, నేను బస్సెక్కి వర్ధన్నపేట పోయాం. జరిగింది నా నోటితో చెప్పాలి, మాఫీ అడగాలి. అదొక్కటే నాకున్న పని.

ఎరువుల దుకాణం వెతకనక్కర్లేకపోయింది. అతను ఆ కుర్చీలోనే ఉన్నాడు. ముందు ఒక రైతు యూరియా బస్తా ఎత్తబోతూ ఆగి, "డైరెక్టర్ సాబ్, నువ్వు యాక్షన్ అంటెనే లేపుత" అంటున్నాడు. దుకాణంలో నలుగురూ నవ్వారు. అతను "యాక్షన్" అన్నాడు. రైతు బస్తా ఎత్తుకుని పోయాడు. అప్పుడు నన్ను చూశాడు.

"అయ్యో అక్కా! ఇంత దూరం ఎందుకొచ్చినవ్? గుండె మంచిది కాదాయె. అన్నా, కూసోండ్రి. చల్లగ ఏమన్న తాగుతరా?"

"తమ్మీ, తప్పు నాదే" అన్నాను. ఇంకా ఏదో చెప్పబోతున్నాను.

"నాకు ఎరుకే అక్కా. నీ ఉత్తరం నాకు పంపిన్రు. పోస్టర్ రాకముందే. పది దినాలాయె."

"ఉత్తరం మొత్తం పంపిన్రా?"

"ఒక్క పేజీ."

నాకు అప్పుడు అర్థమైంది. రోడ్డు మీద నిలబడి రెండుసార్లు నా మాట విన్న మనిషికి, ఎవరిని పెట్టినా సమ్మతమే అన్న నా చేతిరాత ఒక్కటే చేరింది. పది రోజులు అతను నా గురించి ఏమనుకుని ఉంటాడు?

"మరి నన్నెందుకు అడగలే? ఒక్క ఫోన్ చేస్తే అయిపోవు గద."

"ఏమని అడగాలె అక్కా? పుస్తకం నీది. పెద్ద డైరెక్టర్ దొరికితె ఎవ్వలైనా..." అని ఆగిపోయాడు. "నేను నీ జాగల ఉంటె నేను గుడ గట్లనే చేద్దునేమో అనుకున్న."

ఉత్తరం చిత్తుప్రతి నా నోటు పుస్తకంలో ఉంది. తీసి రెండో పేజీ చూపించాను. నిలబడే చదివాడు. ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. వేలు పెట్టి చదివాడు. ఎవరో విత్తనాల ప్యాకెట్ ధర అడుగుతున్నారు, వినిపించుకోలేదు. ఆఖరికి నోటు పుస్తకం మూసి నా చేతికిచ్చాడు.

"గిది మొదటి పేజీల రాస్తె అయిపోవు గదక్కా" అన్నాడు.

కోపంగా అనలేదు. తిట్టినట్టూ అనలేదు. పిల్లవాడు అడిగినట్టు అడిగాడు. మా ఆయన తల వంచుకుని బస్తా మీద అచ్చువేసిన అక్షరాలు చూస్తూ ఉండిపోయాడు.

లేచేముందు, వాళ్ల అత్తతో తీసిన సీను ఒకసారి చూపించమన్నాను. "తీసేసిన అక్కా. ఫోన్ల జాగ లేదు. దుకాణం బిల్లులన్ని అండ్లనే పెట్టమన్నడు అన్న" అన్నాడు. కంపెనీ దగ్గర ఉంటుందేమోనని తర్వాత అడిగించాను. వెతికి చెబుతామన్నారు. ఇంతవరకు చెప్పలేదు. చెబుతారని నేను అనుకోవడం లేదు.

షూటింగ్ ఎక్కడో దూరంగా జరుగుతోందట. అప్పుడప్పుడు ఫోటోలు పంపుతారు. పడుచుపిల్ల విల్లు ఎక్కుపెడితే మబ్బుల్లోంచి నిప్పు కురుస్తుంది. ముసలమ్మ ఒక ఫోటోలో ఉంది, చనిపోయి పడుకుని. మొదటి ఫోటో వచ్చినప్పుడు ఏం జవాబు రాశానో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. "బాగుంది బాబూ, ధన్యవాదాలు" అని రాశాను. రాసి పంపేశాక చూసుకున్నాను. నా చేతికి వేరే ఉత్తరం రాదు.

నాయిన నేర్పింది తప్పని నేను అనను. ఆయన కాలంలో, ఆయన మనుషుల మధ్య అది మెత్తటి మాట. అల్లా నాకు ఇచ్చినవాటికి షుకుర్ చేయడం కూడా మానలేదు. కానీ సజ్దాలో నేలకు తల ఆనించినప్పుడు ఆ మాట మునుపటిలా లోపలి నుంచి రావడం లేదు. నాలుక మీద నుంచి వస్తోంది. ఇస్తిఖారా నాకు సరైన దారే చూపించింది, ఆ దారి మీద గోడ కట్టింది నేను. ఇది ఎప్పటికైనా సరిదిద్దుకోగలనన్న ఆశ నాకు లేదు. ఇంకో పుస్తకం రాయమంటున్నారు. కాగితం ముందు కూర్చుంటే మొదటి పేజీ దగ్గరే ఆగిపోతున్నాను.

ఈ సంగతి రాస్తున్నానని చెప్పినప్పుడు అతను ఒక్కటే అడిగాడు. "నా పేరు రాయకక్కా, దుకాణంల ఇంకింత ఆడుకుంటరు." అందుకని రాయడం లేదు. సినిమాలోనూ అతని పేరు ఉండదు. చదివేవాళ్లను నేనడిగేది ఇదే. మీరు నమాజు చదివేవాళ్లయితే మీ దువాలో, దీపం పెట్టేవాళ్లయితే ఆ దీపం దగ్గర, ఏ దేవుడూ లేనివాళ్లయితే ఊరికే మీ మనసులో, వర్ధన్నపేట ఎరువుల దుకాణంలో కూర్చున్న ఆ తమ్ముణ్ణి ఒక్కసారి తలుచుకోండి.